బొట్టుబిళ్ళంత గురి

మా చీపురుపల్లి కనకమహాలక్ష్మి అమ్మవారి జాతరకి మీరెప్పుడైనా వచ్చారా? వస్తే రంగులరాట్నం పక్కన బెలూన్ల కొట్టు చూసే ఉంటారు. చెక్కకి వరసగా బెలూన్లు కట్టి, అరిగిపోయిన ఎయిర్‌గన్ చేతికిచ్చి, "కొట్టండి బాబూ కొట్టండి" అని పిలుస్తుంటాడు. ఆ పిలుపు ఎప్పుడూ "బాబూ" అనే. మనం మాత్రం పిల్లాడి చెప్పులు, కొబ్బరి చిప్పల సంచీ పట్టుకుని పక్కన నిలబడతాం.

మూడేళ్ళ కిందట ఆ సంచీ మా అబ్బాయి చేతికిచ్చి, తుపాకీ నేను తీసుకున్నాను. మొదటి రెండు గుళ్ళూ తప్పాయి. రెండూ ఎడమవైపే పోయాయని గమనించి, మూడోసారి బెలూనుకి కాస్త కుడిపక్కగా చూసి కొట్టాను. టప్! తర్వాత మూడింటిలో మూడూ పేలాయి. కొట్టువాడు నా వంక అనుమానంగా చూశాడు. మా వారు నవ్వారు. నాకు మాత్రం ఆ రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు. సంతోషం కాదు అది. ఆ నాలుగైదు నిమిషాల్లో గ్యాస్ బండ బుక్ చెయ్యాలన్న సంగతి గానీ, అత్తగారి మాత్రలు అయిపోవచ్చాయన్న సంగతి గానీ నాకు గుర్తు రాలేదు. పెళ్ళయిన పదహారేళ్ళలో నా బుర్ర అంత ఖాళీగా ఎప్పుడుంది?

"అలాంటిదొకటి మనమూ కొనుక్కుంటే?" అన్నాను మర్నాడు.

"ఏటమ్మా, ఇంట్లో తుపాకీయా? ఎవుల్ని కాలుస్తావు?" అన్నారు మా అత్తగారు.

"కథలు రాసుకుంటున్నావుగా, ఇదెందుకు?" అన్నారు మా వారు. పక్కింటి వదినైతే గొంతు తగ్గించి, "ఎవరైనా ఇబ్బంది పెడుతున్నారా?" అని అడిగింది పాపం.

నన్ను ఆలోచింపజేసింది ఆ వదిన ప్రశ్నే. ఆడది తుపాకీ పట్టుకుందంటే భయపడైనా ఉండాలి, లేదా పోలీసు ఉద్యోగమైనా చేస్తుండాలి. సరదాకి పట్టుకుంటుందని ఎవరికీ తోచదు. 2014లో కాన్పూరు ఆయుధ కర్మాగారం 'నిర్భీక్' అని ఒక రివాల్వర్ తెచ్చింది. 2012 నాటి ఢిల్లీ ఘోరం తర్వాత, ఆ 'నిర్భయ' పేరును తలపించేలా పెట్టి, ఆడవాళ్ళ కోసమే అని చెప్పి అమ్మారు. బరువు అర కిలో. ధర లక్షా ఇరవై రెండు వేల పైమాట. 1959 నాటి ఆయుధాల చట్టం కింద దానికి లైసెన్సు కావాలి. అంటే దరఖాస్తు, పోలీసు విచారణ, ఎందుకు కావాలో సంజాయిషీ! అంత డబ్బు, అంత పలుకుబడి ఉన్నావిడకి ఆ భయం ముందే కొంత తక్కువుంటుందేమో అనిపించింది నాకు. అదలా ఉంచండి. నేనడిగింది అది కాదు. ఆదివారం మధ్యాహ్నం ఒక గంట కాగితం మీద నల్లచుక్కకి గురిపెట్టుకునే వస్తువు. అది వేరు, ఇది వేరు.

ఈ రెండోదానికి మన దేశంలో దారి సులువే. 2016 నాటి ఆయుధాల నియమాల ప్రకారం గొట్టం లోపలి కొలత 4.5 మిల్లీమీటర్లు, అంటే పాయింట్ 177 అంగుళం దాటకుండా, గుండు బయటికొచ్చే శక్తి 20 జౌళ్ళు దాటకుండా ఉన్న గాలి తుపాకీకి లైసెన్సు అక్కర్లేదు. ఈ రెండిటిలో ఏది దాటినా లైసెన్సు కావాల్సిందే. కొనేటప్పుడు వయసు, చిరునామా రుజువులు అడుగుతారు. ఇచ్చి, బిల్లు తీసుకుని జాగ్రత్తగా దాచుకోవాలి. ఒలింపిక్స్‌లో 10 మీటర్ల పోటీకి వాడే ఎయిర్ పిస్టల్ శక్తి దాదాపు ఆరేడు జౌళ్ళే. చట్టం గీసిన గీతకి సగం కూడా కాదు! ఈ సంగతి ముందే తెలిసుంటే నేను మొదటి తప్పు చేసుండేదాన్ని కాదు.

ఆ తప్పేమిటో చెబుతాను. నా కథలకొచ్చిన పారితోషికం, మా అన్నయ్య పండక్కి పెట్టిన డబ్బులు కలిపి ఓ ఆరువేలు పోగయ్యాయి. "తీసుకుంటే పవర్ ఎక్కువున్నదే తీసుకోండి మేడమ్" అన్న మాట విని స్ప్రింగు రకం పిస్టల్ ఒకటి కొన్నాను. గొట్టం విరిచి, స్ప్రింగు బిగించి, గుండు పెట్టి, గొట్టం మళ్ళీ మూయాలి. ఆ విరవడానికి పది పదిహేను కిలోల బలం కావాలి. పది గుళ్ళు కొట్టేసరికి అరచెయ్యి కందిపోయేది. పైగా లోపల స్ప్రింగు ఒక్కసారిగా వదులైనప్పుడు పిస్టల్ ముందుకీ వెనక్కీ కుదుస్తుంది. పట్టు ప్రతిసారీ ఒకేలా లేకపోతే గుండు ఒకచోట తగలదు. తప్పు నాదో దానిదో తెలిసేది కాదు.

అదైనా సర్దుకుందును. ఒకరోజు పెరట్లో ఇటుక గోడకి అట్టపెట్టె ఆనించి కొడుతున్నాను. అట్ట చిరిగిపోయి ఉంది, చూసుకోలేదు. గుండు గోడకి తగిలి తిరిగొచ్చి, నా వెనకాల నిలబడ్డ మా అబ్బాయి చెంప మీద గీరింది. రక్తం బొట్టంత. కంటికి రెండంగుళాల కింద.

వాడు ఏడవలేదు. నేనే ఏడ్చాను. మా వారు ఒక్క మాట కూడా అనకుండా పిస్టల్ తీసుకెళ్ళి అటక మీద పడేశారు. ఆయన తిట్టుంటే బాగుండేది. ఆరు నెలలు దాని ఊసెత్తలేదు. నా సరదా కోసం బిడ్డ కన్ను పణంగా పెట్టానే అని కుమిలిపోయాను. అయితే కుమిలిపోతూనే నన్ను నేను ఇంకో ప్రశ్న కూడా అడిగాను. మొదటిసారి కుక్కర్ పేలి పప్పు కప్పుకి అంటుకున్నప్పుడు వంట మానేశానా? గాస్కెట్ ఎలా చూసుకోవాలో నేర్చుకున్నాను. ఇది నేర్చుకోకుండా మొదలెట్టడమే నా తప్పు.

ఈసారి రైలెక్కి విశాఖ వెళ్ళాను. అక్కడొక శిక్షణ కేంద్రంలో గంటకింత అని కట్టి, వాళ్ళ పిస్టల్‌తోనే నేర్చుకున్నాను. నెలకి రెండు శనివారాలు, నాలుగు నెలలు. నేర్పిన మాస్టారు చెప్పిన మొదటి మాట ఇది: "అమ్మా, ముందు పిస్టల్ కొనకండి. పది రోజులు మా పిస్టల్‌తో కాల్చండి. మీ చేతికేది కావాలో మీ చెయ్యే చెబుతుంది."

అక్కలూ, చెల్లెళ్ళూ, మీరు ఈ వ్యాసంలో ఒక్క ముక్కే గుర్తుపెట్టుకుంటే అది ఇదే కావాలి.

అసలు రైఫిల్ కాకుండా పిస్టలే ఎందుకంటారా? ఖర్చు. పోటీ రైఫిల్ వాళ్ళకి బిగుతైన ప్రత్యేకమైన కోటు, ప్యాంటు, బూట్లు కావాలి. అవే వేలల్లో ఉంటాయి. పిస్టల్‌కి అవేవీ అక్కర్లేదు. చీర కట్టుకుని కాల్చొచ్చు. ఒక చేత్తోనే పట్టుకోవాలి కనక రెండో చెయ్యి కదలకుండా ప్యాంటు జేబులో పెట్టుకోమంటారు. మనకి జేబు లేదుగా! నేను ఎడం చెయ్యి నడుం దగ్గర చీరలో దోపుకుంటాను. మాస్టారు ముందు నవ్వి, తర్వాత "బాగానే ఉంది, అలాగే కానివ్వండి" అన్నారు.

ఇక రకాలు. గాలిని నొక్కే పద్ధతిని బట్టి నాలుగు.

మొదటిది నేను కొన్న స్ప్రింగు రకం. ధర తక్కువ, కొన్ని వేలల్లో వస్తుంది. గుళ్ళు తప్ప వేరే ఖర్చు లేదు. కానీ బిగించడం కష్టం, కుదుపు ఎక్కువ. కొత్తగా నేర్చుకునే వాళ్ళని నిరుత్సాహపరిచేది ఇదే.

రెండోది చిన్న కార్బన్ డయాక్సైడ్ గొట్టం పెట్టే రకం. 12 గ్రాముల గొట్టం ఒకటి పెడితే నలభై యాభై గుళ్ళ దాకా వస్తాయి. చేతికి శ్రమ లేదు. అయితే ఆ గొట్టాలు మనలాంటి ఊళ్ళల్లో దొరకవు, అయిపోయినప్పుడల్లా తెప్పించుకోవాలి. ఎండకి లోపలి ఒత్తిడి పెరుగుతుంది, చలికి తగ్గుతుంది. దాంతో గుండు తగిలే చోటూ మారుతుంది. చవగ్గా కొన్న కుట్టుమిషనుకి నెలనెలా సూదులు కొన్నట్టు!

మూడోది ముందే గాలి నింపిన సిలిండర్ ఉండే రకం. ఇప్పటి పోటీల్లో అందరూ వాడేది ఇదే. కుదుపన్నది ఉండదు. కానీ 200 బార్ ఒత్తిడితో గాలి నింపాలి. పెద్ద సిలిండరో, చేతి పంపో కావాలి. విదేశీ పోటీ పిస్టళ్ళ ధర లక్ష దాటే ఉంటుంది. సరదాకి అంత అక్కర్లేదు.

నాలుగోది, పక్కనో పైనో ఉన్న మీటని ఒక్కసారి తెరిచి మూస్తే, ఆ ఒక్క గుండుకి సరిపడా గాలి లోపలే నొక్కుకునే రకం. ఒకప్పుడు పెద్ద పోటీల్లోనూ వాడారు. కుదుపు లేదు, సిలిండరు లేదు, గొట్టాలు లేవు. లోపలి రబ్బరు సీళ్ళు మాత్రం బాగున్నాయో లేదో చూసుకోవాలి. నేను చివరికి తీసుకున్నది ఇదే, అదీ పాతది. కేంద్రంలో ఒక కుర్రాడు పోటీలకని సిలిండరు రకానికి మారుతూ అమ్మేస్తుంటే, పద్దెనిమిది వేలకి, పాత బిల్లుతో సహా తీసుకున్నాను. ఏడాదిన్నర కథల డబ్బు అది. శిక్షణ కేంద్రాల్లో ఇలాంటివి అప్పుడప్పుడు అమ్మకానికొస్తాయి. అడిగి పెట్టుకోండి.

కొనేముందు చూడాల్సినవి నాలుగున్నాయి. మొదటిది ట్రిగ్గర్. పోటీ నియమాల ప్రకారం ఎయిర్ పిస్టల్ ట్రిగ్గర్ కనీసం 500 గ్రాముల బరువు తూగాలి. మంచి పిస్టళ్ళలో దాదాపు అంతే ఉంటుంది. చవక వాటిలో రెండు మూడు కిలోలూ ఉంటుంది. కిలో బరువున్న పిస్టల్‌ని రెండు కిలోల బలంతో లాగితే మూతి వణక్కేం చేస్తుంది? డబ్బు పెట్టాల్సింది దీనిమీద, పవర్ మీద కాదు.

రెండోది బరువు. పోటీలో కిలోన్నర దాటకూడదు. మనకి కిలోకి అటూ ఇటూ చాలు. ఇంట్లోనే చూసుకోండి. లీటరు నీళ్ళ సీసా నిండుగా పట్టి, చెయ్యి బారచాపి ఇరవై అంకెలు లెక్కపెట్టండి. పదికే చెయ్యి వాలిపోతే కంగారు పడకండి, రోజూ చేస్తే నెలలో కుదురుతుంది. మూడోది పిడి. మగవాళ్ళ చేతికి కొలిచి చేసినవే ఎక్కువ. వేలి మొదటి కణుపు ట్రిగ్గర్ మీద సుఖంగా ఆనాలి. చెక్క పిడైతే వడ్రంగి చేత కాస్త గీయించుకోవచ్చు. నాలుగోది గురిచూసే భాగం. వెనక గాడిని పక్కకీ పైకీ జరుపుకునే వీలుండాలి. లేకపోతే అది జాతర తుపాకీయే!

ఇంట్లో కాల్చడానికి 10 మీటర్లు, అంటే ముప్ఫైమూడు అడుగులు కావాలి. మా పాతకాలపు ఇంట్లో వీధి వరండా నుంచి పెరటి గుమ్మం దాకా సరిపోయింది. అంత లేకపోతే 5 మీటర్లకి, జెరాక్స్ కొట్లో కార్డుని సగానికి తగ్గించి తీయించుకుంటే సరి. అసలు కార్డు మీద పది మార్కుల వృత్తం వెడల్పు 11.5 మిల్లీమీటర్లు. మనం పెట్టుకునే బొట్టుబిళ్ళంత!

గుళ్ళు ఆగడానికి లోతైన చెక్కపెట్టె, అడుగున ఇనప రేకు, దాని ముందు పాత చీరలు, దుప్పట్ల ముక్కలు బిర్రుగా కుక్కాలి. నా పెళ్ళినాటి నైలాన్ చీర ఒకటి అందులో ఉంది. ఎవరికీ ఇవ్వలేక, కట్టలేక పదహారేళ్ళు దాచిన దానికి ఇన్నాళ్ళకి పని దొరికింది. ఆ పెట్టె వెనక తలుపు గానీ, కిటికీ గానీ, దారి గానీ ఉండకూడదు. ఇంట్లో ఉన్న వాళ్ళంతా కాల్చేవాళ్ళ వెనకే ఉండాలి. వెనకున్నా సరే, కళ్ళద్దాలు పెట్టుకోవాల్సిందే. మా అబ్బాయి వెనకే ఉన్నాడని మర్చిపోకండి. ఖాళీదైనా సరే, మనిషి వైపు తిప్పకూడదు. గురి కుదిరేదాకా వేలు ట్రిగ్గర్ మీదికి పోకూడదు. పనయ్యాక బీరువాలో పెట్టి తాళం. గుళ్ళు వేరేచోట, వేరే తాళం.

ఇంకొకటి ఆడవాళ్ళం ముఖ్యంగా తెలుసుకోవాలి. ఈ గుళ్ళు సీసంతో చేసినవి. ముట్టుకున్న చేతులతో అన్నం కలపకూడదు, పిల్లల నోట్లో ఏమీ పెట్టకూడదు. సబ్బుతో శుభ్రంగా కడుక్కోవాలి. కడుపుతో ఉన్నవాళ్ళు, పాలిచ్చే తల్లులు కొన్నాళ్ళు ఆగితే మంచిది. నేల చీపురుతో ఊడ్చి దుమ్ము లేపకుండా తడిగుడ్డ పెట్టాలి.

చూడటానికి అచ్చం అసలు తుపాకీలాగే ఉంటుంది కనక వీధిలోకి బయటికి తియ్యొద్దు. పెట్టెలో పెట్టుకునే తీసుకెళ్ళాలి. పిట్టల జోలికి అసలే వద్దు. మన తేలినీలాపురానికి, తేలుకుంచికి ఎక్కడెక్కడి నుంచో ఎగిరొచ్చే కొంగల్ని ఆ ఊళ్ళవాళ్ళు ఎంత ప్రేమగా కాపాడుకుంటారో చూశాం కదా. ప్రాణమున్న దానిమీద గురిపెట్టడం ఆట కాదు.

ఆట అంటే ఏమిటో మాస్టారు నేర్పారు. గురిచూసేటప్పుడు కన్ను నల్లచుక్క మీద కాదట, పిస్టల్ ముందు ముక్కు మీద ఉండాలట. చుక్క మసగ్గా కనిపించినా ఫరవాలేదు. నాకిది నమ్మశక్యం కాలేదు. చేసి చూస్తే నిజమే. ఊపిరి పీల్చి, సగం వదిలి, ఆపి, మెల్లిగా నొక్కాలి. ఏడెనిమిది సెకన్లలో కుదరకపోతే చెయ్యి దించేసి మళ్ళీ మొదలెట్టాలి. దించెయ్యడం ఓటమి కాదు, మళ్ళీ ఎత్తొచ్చు. మాలో చాలామందిమి ఒక్కసారి చెయ్యి దించి "తర్వాత చేస్తాను" అనడం నేర్చుకోలేదు కదూ!

"ఈ వయసులోనా?" అనేవాళ్ళకి చంద్రో తోమర్ సంగతి చెబుతాను. ఉత్తరప్రదేశ్‌లో బాగ్‌పత్ దగ్గర జోహ్రీ గ్రామం ఆవిడది. మనవరాలిని రైఫిల్ క్లబ్బుకి తీసుకెళ్ళి, అరవై దాటాక తనే పిస్టల్ పట్టారు. ఆవిడ తోడికోడలు ప్రకాశీ తోమర్ కూడా అదే దారి పట్టారు. చంద్రో 2021లో కోవిడ్‌తో పోయేనాటికి దేశమంతా ఆవిడని షూటర్ దాదీ అనే పిలిచింది. మన హైదరాబాదు అమ్మాయి ఈషా సింగ్ 2018లో పదమూడేళ్ళకే జాతీయ సీనియర్ ఎయిర్ పిస్టల్ విజేత అయింది. 2023లో హాంగ్‌జౌలో జరిగిన ఆసియా క్రీడల్లో నాలుగు పతకాలు తెచ్చింది. 2024లో పారిస్‌లో మను భాకర్ ఇదే 10 మీటర్ల ఎయిర్ పిస్టల్‌లో కంచు పతకం గెలిచి, షూటింగ్‌లో ఒలింపిక్ పతకం తెచ్చిన తొలి భారతీయ మహిళ అయింది.

అంతెందుకు, మా చీపురుపల్లిలో రైలెక్కితే పొందూరు దాటి కాసేపటికి ఆమదాలవలస. ఆ పక్క ఊసవానిపేట పిల్ల కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో 240 కిలోలెత్తింది. నెల్లిమర్ల దగ్గర కొండవెలగాడ పల్లె నుంచి బరువులెత్తే ఆడపిల్లలు దేశం దాటి వెళ్ళారు. ఈ నేల ఆడవాళ్ళ చేతుల్లో సత్తువ లేదని ఎవరనగలరు? అక్కడ ఎవరో ఒకరు ఒక ఇనప కడ్డీ, నాలుగు బిళ్ళలు అందుబాటులో పెట్టారు, అంతే.

నేను కోరేదీ అంతే. ఈ ఆటకి మైదానం అక్కర్లేదు, ముప్ఫైమూడడుగుల వసారా చాలు. మండలానికొక్క చోట, హైస్కూల్లోనో కాలేజీలోనో, రెండు పిస్టళ్ళు, ఒక గుళ్ళపెట్టె, నేర్పేవాళ్ళొకరు ఉంటే చాలు. బీరువా తాళం వాళ్ళ దగ్గరే ఉంటుంది. ఇంటింటా పిస్టల్ కొనక్కర్లేదు, నాలాగ ఆరువేలు పారేసుకోనక్కర్లేదు, ఏ బిడ్డ చెంపా గీరుకోదు. మహిళా సంఘాల సమావేశాల్లో, పంచాయతీలో ఈ మాట ఒకసారి కదిపి చూడండి. నవ్వుతారు. నవ్వనివ్వండి.

మొన్న ఆదివారం పదింటిలో నాలుగు పదులు పడ్డాయి. కార్డు తీసుకొచ్చి చూపిస్తే మా అత్తగారు కళ్ళజోడు సవరించుకుని, చిల్లుల్ని వేలితో తడిమి చూశారు. కాసేపు ఏమీ అనలేదు.

"బరువా అది?" అన్నారు.

"కిలో ఉంటుంది అత్తమ్మా."

"మరేటి, బిందెకన్నా తేలికే కదా. ఒకపాలి ఇలగ ఇయ్యి, సూద్దారి."